క్యాంటీను సరుకు ఎవరికి గిట్టుబాటు?

ప్రతి మాసమును మొదటి వారములో, తెల్లవారుజామున, శృంగవరపుకోట బస్సుస్టాండునకు పోయినవారికి ఒక దృశ్యము కనబడుచుండును. మడత చెడని చొక్కాలతో, ఖాళీ చేతిసంచులతో, నిటారుగ నిలిచియుండు పెద్దమనుష్యులు కొందరు విశాఖపట్నపు బస్సునకై ఎదురుచూచుచుందురు. వారు మాజీ సైనికులని వేరొకరు చెప్పనక్కరలేదు. ప్రొద్దు వాలిన పిదప వారే నిండిన సంచులతో దిగుదురు. సంచి పైభాగమున సబ్బులు, టీపొడి, టూత్‌పేస్టు, బిస్కత్తు పొట్లములు; అడుగున తువ్వాలులో చుట్టిన సీసా. మిలిటరీ క్యాంటీనునకు పోయివచ్చుట మన ప్రాంతపు సైనిక కుటుంబములలో ఒక నెలసరి వ్రతమైపోయినది.

ఈ వ్రతమునకు ఫలమెంత? ఈ ప్రశ్న వేసినందుకు మా పఠనమందిరమునకు నిత్యము విచ్చేయు ఒక వృద్ధ హవల్దారుగారు మాపై కించిత్తు కోపగించిరి. "క్యాంటీనుకెళ్ళడం మానేస్తే నేను మిలిటరీవాణ్ణన్న సంగతి ఊరికే కాదు, నాకే గుర్తుండదు బాబూ" అని వారనిరి. ఈ మాటను మేము తేలికగా తీసివేయజాలము. ఇరువది యేండ్లు దేశపు సరిహద్దులలో మంచులోను ఇసుకలోను కావలి కాచివచ్చినవానికి ఇంటిముందు మిగిలిన గుర్తు ఆ చిన్న కార్డే. అయినను గౌరవము వేరు, గిట్టుబాటు వేరు. రెండింటిని ఒకే సంచిలో వేసి తూచుటవలన సైనికుడే నష్టపోవుచున్నాడని మా అభిప్రాయము.

సైనికుని బజారు నిన్న మొన్న పుట్టినది కాదు. తుపాకి పట్టినవాడు నాగలి పట్టలేడు గనుక వాని గింజలను వేరొకరు మోసికొనిపోవలసినదే. పూర్వకాలమున దండులవెంట ఎద్దులపై ధాన్యమును, ఉప్పును వేసికొని నడచిన లంబాడీలే ఆనాటి సరఫరా శాఖ. కుంపిణీ పటాలము కదలినచోటికెల్ల దానివెంట ఒక బజారును కదలెడిది. విజయనగరములో పటాలము పోయి తరములు గడచినను కంటోన్మెంటు అను పేరు నేటికిని నిలిచియున్నది. అట్టి బజారులలో గుత్తదారు చెప్పినదే వెల. సిపాయి జీతము చేతికి రాకముందే పద్దులోనికి పోవుచుండెడిది. ఈ దోపిడిని మాన్పుటకే ఇతర దేశములును సైనికులకు ప్రత్యేకమైన దుకాణములను పెట్టినవి. అమెరికాలో 1867వ సంవత్సరము నుండియు సామాన్య సిపాయికి సయితము ప్రభుత్వపు కొట్టునుండి అసలు వెలకు సరుకులు కొనుకొను హక్కు కలిగినది. ఇంగ్లండులో 1921లో సైనిక క్యాంటీనులన్నియు ఒకే సంస్థ క్రిందికి వచ్చినవి. మన దేశమున రెండవ ప్రపంచయుద్ధకాలములో, 1942లో, క్యాంటీను సర్వీసులు ఏర్పడినవి; స్వాతంత్ర్యానంతరము 1948 జనవరి 1వ తేదీనుండి నేటి క్యాంటీను స్టోర్స్ శాఖ బొంబాయి ముఖ్యస్థానముగా ఆరంభమైనది. 1977 నుండి దాని జమాఖర్చులు కేంద్ర ప్రభుత్వపు సంచితనిధిలో భాగమైనవి. అనగా క్యాంటీను ఏ వర్తకుని దయాధర్మమును కాదు, ప్రజలందరి సొమ్ముతో నడచునట్టి సంస్థ.

ఆ కొట్టులో సరుకు ఎందుచేత చౌక? దీనిని చాలమంది సైనికులే ఎరుగరు. కారణములు రెండు. శాఖవారు కంపెనీలవద్ద మొత్తముగా బేరమాడి తగ్గింపు ధరకు కొందురు. నడుమ టోకు వర్తకుని లాభము, చిల్లర వర్తకుని లాభము తొలగి, శాఖకును యూనిట్ క్యాంటీనునకును చెందు స్వల్పలాభము మాత్రమే చేరును. ఇది మొదటి కారణము. రెండవది పన్ను. 2017 జూలైలో జి.యస్.టి. వచ్చినపుడు, సైనికుల క్యాంటీనులలో అమ్మబడు సరుకుపై ఆ పన్నులో సగము తిరిగి ఇచ్చు ఏర్పాటు చేయబడినది. నూరు రూపాయల సరుకునకు నూటికి 18 వంతున పన్నుండినచో బజారులో 118 రూపాయలు పడగా, క్యాంటీనులో 109 పడును. సైనికుడు చూచి మురిసిన చౌకలో హెచ్చుభాగము ఈ తొమ్మిది రూపాయలే.

ఇచ్చట పాఠకులు కొంచెము నిదానించి చూడవలెను. 2025 సెప్టెంబరు 22వ తేదీన జి.యస్.టి. అంతస్తులు మారినవి. ఒంటిసబ్బు, టూత్‌పేస్టు, షాంపూ, తలనూనె, బిస్కత్తు మున్నగు నిత్యోపయోగ వస్తువులపై పన్ను 18 నుండి 5కు దిగినది. ఇది అందరికిని మేలే. కాని నూటికి 5లో సగము రెండున్నర. నాడు 118కి 109 ఇచ్చిన కొట్టు, నేడు అదే సరుకును 105కు బదులుగా నూటరెండున్నరకు ఇచ్చును. పన్నువలన కలుగు ప్రయోజనము తొమ్మిది రూపాయలనుండి రెండున్నరకు పడిపోయినది. ఇందులో క్యాంటీను చేసిన తప్పేమియు లేదు. బజారే క్యాంటీనునకు దగ్గరగా జరిగినది. జవాను కుటుంబము నెలకు మూడువేల రూపాయల ఇట్టి సరుకు కొనుననుకొందము. వెనుకటి లెక్కను పన్నులో మిగిలినది సుమారు 229 రూపాయలు. ఇపుడు మిగులునది సుమారు 71 రూపాయలు. బట్టల సబ్బుపొడివంటి కొన్నింటిపై పన్ను 18గానే నిలిచియున్నది గనుక వాటివరకు పాత లెక్కయే చెల్లును.

కొన్నాళ్లక్రితము పాత రసీదులను, క్రొత్త రసీదులను ప్రక్కప్రక్కన పెట్టి మన హవల్దారుగారికే ఈ లెక్క చూపితిమి. వారు కళ్లజోడు సవరించుకొని రెండు మారులు చదివి, "అయితే బస్సు కిరాయికి కూడా రాదన్నమాట" అనిరి. నిజమే. మన కోటనుండి విశాఖకు సుమారు 50 కిలోమీటర్లు. రానుపోను బస్సు కిరాయికి ఆ 71 రూపాయలు చాలవు. ఇంకను మధ్యాహ్నపు భోజనము, టీ, క్యాంటీను వరుసలో నిలిచిన కాలము, పొలములోనో కావలి ఉద్యోగములోనో పోగొట్టుకొనిన ఒక దినపు కూలి, వీనిని లెక్కలోనికి ఎవ్వరును తీసికొనరు. పింఛనుదారుని దినమునకు వెల లేదని లోకము అనుకొనును. అతడును అట్లే అనుకొనుచున్నాడు.

తగ్గింపు బేరమువలన మిగులునది వేరుగ ఉన్నదిగదా యని ఆక్షేపింపవచ్చును. ఉన్నది, మేము కాదనము. కాని ఆ మిగులును పొట్లముపై అచ్చువేసిన గరిష్ఠపు వెలతో పోల్చి సంతోషించుట సరికాదు. ఆ అచ్చు వెలకు ఎంతమంది వర్తకులు నేడు అమ్ముచున్నారు? పట్టణములలోని పెద్దకొట్లు మాత్రమే కాక, మన మెయిన్‌రోడ్డులోని కిరాణా దుకాణదారుడును తెలిసిన ఖాతాదారునకు కొంత తగ్గించియే ఇచ్చును. మరియు క్యాంటీను ఇవ్వజాలనిది అతడు ఒకటి ఇచ్చుచున్నాడు: అరువు. పింఛను ఆలస్యమైన నెలలో, ఇంటిలో జ్వరము వచ్చిన నెలలో, పద్దు వ్రాసికొని బియ్యము మూట పంపువాడు అతడే. అతనివద్ద ఏడాదికి పదునొకండు నెలలు కొనక, అవసరమువచ్చిన పండ్రెండవ నెలలో అరువడుగుట న్యాయముగాదు. ఇదికాక, మన యింటి ఖర్చులో అధికభాగము బియ్యము, పప్పు, చింతపండు, మిరపకాయ, కూరగాయలదే. కూరగాయలు రైతుబజారునుండియు, బియ్యము తరచుగా సొంతపొలమునుండియు వచ్చును. వీనిని చౌకజేయుటకు క్యాంటీను కార్డునకు శక్తి లేదు.

ఒక్క మినహాయింపు చెప్పక తప్పదు. 2025 ఆగష్టు 15 నుండి రాష్ట్ర ఆర్టీసీవారి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు కిరాయి లేదు. కావున సైనికుని వితంతువు తన కార్డుతో విశాఖకు పోయిన, ఆమెకు ప్రయాణవ్యయము పడదు. ఆ 71 రూపాయలును, బేరపు తగ్గింపును పూర్తిగా ఆమెవే. ఐనను అరువదియేండ్ల అమ్మ రెండు బరువైన సంచులను మోసికొని కిక్కిరిసిన బస్సులో నూరు కిలోమీటర్లు తిరుగుటను గొప్ప సదుపాయమని పిలుచుటకు మా కలము సాగదు.

ఇక క్యాంటీను నిజముగా గిట్టుబాటగు సందర్భములు లేకపోలేదు. అవి పెద్ద వస్తువులు. ముందుగా సొమ్ము కట్టి తెప్పించుకొను రిఫ్రిజిరేటరు, టెలివిజను, మోటారుసైకిలు, కారు మొదలగునవి. వీనిపై పన్ను నేటికిని నూటికి 18. అందు సగము 9. పన్నుకు ముందు ఎనుబదివేల రూపాయల వెలగల చిన్న మోటారుసైకిలుపై 7,200 రూపాయలు మిగులును. ఐదు లక్షల చిన్నకారుపై 45,000 మిగులును. పన్ను 28గా ఉన్న దినములలో ఆ కారుపై 70,000 మిగిలెడి మాట నిజమే గాని, 45,000 ఇప్పటికిని జవానునకు చిన్న సొమ్ము కాదు. పైగా 2021 జనవరి నుండి ఇట్టి వస్తువులకు ఇంటినుండియే కంప్యూటరు మూలమున అర్జీ పెట్టుకొను వీలు కలిగినది. పదియేండ్లకొకమారు కొను వస్తువునకై ఒక దినము వెచ్చించుట వివేకము; పదిరోజులలో కరగిపోవు సబ్బునకై ప్రతినెల ఒక దినము వెచ్చించుట వివేకము కాదు. విశాఖలోనే కాపురమున్న నావికునకు, పటాలపు ఆవరణలోనే నివసించు జవానునకు ఈ మాట వర్తింపదు. కొట్టు వాకిటనే యున్నది గనుక వారికి రెండున్నర రూపాయలును లాభమే. మేము చెప్పుచున్నది కోటవంటి దూరపు ఊళ్లవారికి.

కాని అసలు సంగతిని ఇంకను తాకలేదు. ఆ సంచి అడుగున తువ్వాలులో ఉన్నదానిని విడిచి క్యాంటీనుగూర్చి వ్రాయుట, పెండ్లికొడుకును విడిచి పెండ్లిని వర్ణించుటవంటిది. మద్యము జి.యస్.టి.లో చేరలేదు, దానిపై సుంకము రాష్ట్రమునది. సైనికులకు ఆ సుంకములో రాయితీ గలదు. హోదానుబట్టి నెలకు ఇన్ని సీసాలని కోటా గలదు. వెలుపలి వెలకును లోపలి వెలకును తేడా సబ్బులోవలె రెండున్నర రూపాయలు గాదు, కొన్ని సరుకులపై సగమునకు సమీపించును. 2020 మే మాసములో మన రాష్ట్రమున మద్యపు వెలలు నూటికి 75 వంతున పెంచబడినపుడు క్యాంటీను సీసాకు వచ్చిన గిరాకీని ఎరుగనివారు లేరు. కాబట్టి దాపరికము లేకుండ చెప్పవలెనన్న, ఎందరో బస్సెక్కుచున్నది సబ్బునకై కాదు. సబ్బు ఆ ప్రయాణమునకు ఇంటిలో చెప్పు కారణము మాత్రమే.

అతిశీతల ప్రదేశములలో కావలికాయు సైనికునకు రమ్ము ఇచ్చుటనుగూర్చి మేము తగవుపెట్టుకొనము. పుణ్యగిరి క్రింద ఎండలో వేడెక్కిన ఇంటిలో కూర్చున్నవానికి ఆ మంచు మిషగా పనికిరాదు. త్రాగనివారును కోటా పోవునను భీతిచే కొనుచున్నారు. కొనినదానిని ఊరిలో హెచ్చు వెలకు మార్చుచున్నారు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాకొట్లపై లేచినపుడు వారిలో సిపాయిల తల్లులును అక్కచెల్లెండ్రును లేకపోలేదని మేము నిశ్చయముగా నమ్ముచున్నాము. కోటా అనునది హద్దేగాని అప్పు గాదు. అది తీర్చివేయనవసరము లేదు.

దీనికి తోబుట్టువైన మరియొక దురాచారము గలదు. "బావా, నీ కార్డుమీద ఒక ఫ్రిజ్జు ఇప్పించు" అని బంధువు అడుగును. మొగమాటమున సైనికుడు ఒప్పుకొనును. ఈ పని నిబంధనలకు విరుద్ధమని ఇద్దరికిని తెలియును. కాని ఇందలి అన్యాయము నిబంధన పుస్తకముకంటె లోతైనది. తిరిగి ఇచ్చిన ఆ సగము పన్ను ఎవరిది? పుట్టుకలో ఏ కార్డును లేని పాలేరు, తాను కొనిన అగ్గిపెట్టెపై, సబ్బుపై పూర్తిగా పన్ను చెల్లించుచున్నాడు. దేశమును కాచినవానికి అతడు సంతోషముతో విడిచిన సొమ్ము అది. వ్యాపారియైన బావగారికి దానిని ధారపోయుటకు సైనికునకు అధికారము లేదు.

ఇన్ని చెప్పినపిదప, క్యాంటీనుపై మేము కత్తికట్టితిమని ఎవరైన తలంచిన పొరబాటు. మా దృష్టిలో మిక్కిలి విచారకరమైన విషయము క్యాంటీనుయొక్క లాభము తగ్గుట గాదు. ఆ తలుపు రేపటివారికి మూతపడుట. తెల్లవారకముందు ఎస్. కోట రోడ్లపై పరుగు అభ్యాసము చేయు బాలురను పాఠకులు ఎరుగుదురు. 2022 జూన్‌లో ప్రకటింపబడిన అగ్నిపథ్ ఏర్పాటు ప్రకారము వారు నాలుగేండ్లకు చేరుదురు. వారిలో నూటికి 25 మందికి మించకుండ స్థిరపరచబడుదురు. తక్కినవారు ఒక మొత్తము సొమ్ముతో ఇండ్లకు తిరిగివత్తురు. వారికి పింఛను లేదు, మాజీ సైనికుడను హోదా లేదు, కొలువులో నున్నంతకాలము చెల్లిన క్యాంటీను సదుపాయమును లేదు. 2022 డిసెంబరు, 2023 జనవరి మాసములలో చేరిన మొదటి జట్టు వారికి 2026 చివరనుండి నాలుగేండ్లు నిండును. ఒకే వీధిలో, ఒకే సరిహద్దున కావలికాచిన తండ్రికి కార్డుండును, కుమారునకు ఉండదు. రెండున్నర రూపాయల సబ్బునకై మేము వగచుటలేదు. హవల్దారుగారు చెప్పిన ఆ జ్ఞాపకము ఇరువదిమూడేండ్ల బాలునకు మాత్రము అక్కరలేదని ఎవరు నిర్ణయించిరి? పెద్దల కోటా సీసాలను తగ్గించియైనను ఈ పిల్లలకు సామానుల కార్డు కొనసాగింపుడని మాజీ సైనిక సంఘములు ఎలుగెత్తి కోరియుండిన, మేము వారిని అధికముగా గౌరవించియుందుము.

క్యాంటీను లోపల పనిచేయువారి సంగతియు ఒక మాట. బల్ల వెనుక నిలిచి మన రసీదు కొట్టు గుమాస్తాను చూచి అతడు ప్రభుత్వోద్యోగియని తలంతుము. యూనిట్ క్యాంటీను నౌకరులు ప్రభుత్వోద్యోగులేయని 2001లో సుప్రీముకోర్టు తీర్పుచెప్పినది. 2009లో అదే కోర్టులో విస్తృత ధర్మాసనము ఆ తీర్పును త్రోసిపుచ్చి, కారని చెప్పినది. చౌకబేరములో అతని జీతపుపాలు ఎంతయని వరుసలో నిలుచున్నవారు అడిగియెరుగరు.

ప్రస్తుతము చేయదగినది ఏమి? కొట్టునకు మనుష్యులు పోవుటకు బదులు మనుష్యులకడకు కొట్టు రావలెను. కొన్ని ప్రాంతములలో మాజీ సైనికులకొరకు బండిపై సరుకులు త్రిప్పు పద్ధతి కలదు. మన ఎస్. కోటకు నెలకొక నిర్ణీతదినమున అట్టి బండి వచ్చి, వేపాడ, లక్కవరపుకోట, జామి, గంట్యాడ మండలములవారికికూడ ఇచ్చటనే సరుకులిచ్చిన, ప్రయాణపు కష్టము తీరును. వితంతువుల బరువు తగ్గును. ఆ బండిలో సబ్బు, పప్పు, ప్రెషరు కుక్కరు ఉండవచ్చును. సీసా ఉండనవసరము లేదు. అప్పుడు ఎందరు వత్తురో చూచిన, ఇన్నాళ్లు బస్సెక్కినది దేనికొరకో తేటపడగలదు.

విజయనగరములోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు అర్జీ పెట్టవలయునన్న ఎన్ని కుటుంబములు ఈ ప్రాంతమున గలవో ముందు తెలియవలెను. అందుచేత కార్డుగల మాజీ సైనికులును, వితంతువులును తమ గ్రామమును, కుటుంబసంఖ్యను, గత మూడునెలల రసీదులనుబట్టి సబ్బులు మొదలగువానికి ఎంత, పెద్ద వస్తువులకు ఎంత, మూడవదానికి ఎంత వెచ్చించిరో ఒక కాగితముపై వ్రాసి మా పఠనమందిరమున నిచ్చిన, మేము దానిని క్రోడీకరించి అర్జీతో జతపరతుము. పేర్లు వ్రాయనక్కరలేదు. మూడవ పద్దును మాత్రము దాచవద్దు. హవల్దారుగారు తమ కాగితమును నిన్ననే ఇచ్చిరి. ఆ పద్దువద్ద వారు మొదట సున్న వ్రాసి, కొట్టివేసి, సరియైన అంకె వేసిరి.